ఆశ లేదని చెప్పిన కరుణ మేడం

కరుణ మేడం ఇక లేరు.

నిన్న పొద్దున్నే ఏలూరు నుంచి వాళ్ళ తమ్ముడుగారు ఫోన్ చేశారు. "అక్క వెళ్ళిపోయిందండీ" అన్నారు. ఎక్కడికండీ అని అడిగాను. బుర్ర అంత మొద్దుబారిపోయింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మేడం పెదపాడు ఆవిడ. తాడేపల్లిగూడెంలో మాకు డిగ్రీలో తెలుగు చెప్పారు. గొంతు మహా మెత్తన. మార్కుల దగ్గర మాత్రం పరమ పిసినారి.

మాకు సిలబస్‌లో ఒక నవల ఉండేది.

ముప్పైల నాటి కథ. పొలాలు పోయిన రైతు కుటుంబాలు పిల్లాజెల్లాతో కూలి వెతుక్కుంటూ కొల్లేటి వైపు నడుస్తాయి. అందులో ఒక తల్లి దగ్గర విత్తనాల వడ్ల మూట ఉంటుంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నా ఒక్క గింజ ముట్టనివ్వదు. చిన్నపిల్ల దారిలోనే ప్రాణం వదిలేస్తుంది. చివరి పేజీలో మూట వానకి తడుస్తుంది. విప్పి చూస్తే మొలకలు.

అక్కడితో నవల అయిపోతుంది.

మొలక ఆశకి ప్రతీక అని గైడ్‌లో ఉండేది. నేను క్లాసులో లేచి గడగడా అప్పజెప్పాను.

"మీకు పొలం ఉందా అమ్మా?" అన్నారు మేడం.

"ఉందండి. ముదినేపల్లి దగ్గర."

"మొలకొచ్చిన వడ్లు మీ నాన్నగారు ఎన్నాళ్ళు అట్టే పెడతారు?"

"పెట్టరండీ. వెంటనే నారుమడిలో చల్లేస్తారు. లేకపోతే కుళ్ళిపోతాయి కదండీ."

"మరి ఆవిడ ఎక్కడ చల్లుతుందమ్మా?"

ఆవిడకి సెంటు భూమి లేదు. కన్నబిడ్డకి పెట్టకుండా దాచిన వడ్లు అవి. ఆ నవలలో అంతకంటే ఘోరమైన పేజీ ఇంకోటి లేదు. దానికి మేమంతా ఆశ అని పేరు పెట్టి మార్కులు కొట్టేద్దామనుకున్నాం.

"మా నాయనమ్మ అలా నడిచొచ్చిన మనిషేనమ్మా. వాళ్ళ కష్టానికి మనం మంచి ముగింపు తగిలించకూడదు" అన్నారు.

తర్వాత నేనూ లెక్చరర్‌నయ్యాను. కలిసినప్పుడల్లా ఆవిడతో ఇదే గొడవ. కొంచెమైనా ఆశ లేకపోతే నవల ఎందుకు చదవాలండీ అనేదాన్ని. ఆవిడ ఒప్పుకునేవారు కాదు.

పోయిన వారం హాస్పిటల్‌కి వెళ్ళాను. మనిషి సగమైపోయారు. డాక్టర్లు చేతులెత్తేశారని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా, "తగ్గిపోతుందండి మేడం, లేచి తిరుగుతారు" అన్నాను.

నవ్వారు. "గైడ్ చూసి చెబుతున్నావా?"

తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"తగ్గదమ్మా. నాకు భయంగా ఉంది. ఏమీ చెప్పకు, కాసేపు ఇలా కూర్చో."

కూర్చున్నాను. పైకి ఏమీ అనలేదు. లోపల మాత్రం, ఈవిడ చెప్పింది తప్పు కావాలి దేవుడా అని ఒకటే మొక్కులు.

నిన్నటి నుంచి అందరూ ఫోన్ చేసి ధైర్యం చెబుతున్నారు. బాధ నుంచి విముక్తి అంటున్నారు. మంచి చోటికే వెళ్ళారు అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇందులో మంచి ఏమీ లేదండీ. ఒక మంచి మనిషి భయపడుతూ, నొప్పి పడుతూ పోయారు. అంతే జరిగింది.

ఈ ఒక్కసారి మీ మాట తప్పయితే ఎంత బాగుండేది మేడం.

ప్రశాంతంగా పడుకోండి. ఇక్కడ మేమెవ్వరమూ బాగోలేము.