మూడో మెట్టు మీద ఎర చిప్ప

మా చర్చి మరణాల రిజిస్టరులో ఆయన గురించి ఒకే వరుస ఉంది: ఏసుపాదం, వ్యవసాయ కూలీ, వయస్సు సుమారు అరవై. రాసింది నేనే. బడిలో పంతులు ఉద్యోగంతో పాటు ఆ రిజిస్టరు రాసే పని కూడా నాదే. అంతకు మించి రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. రాసిన రోజు నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కూలీయే, కాదనను. కానీ కాలవ లాకు మెట్ల మీద ఆయన ఎవరో తెలిసినవాళ్లం ఇంకా కొందరం బతికే ఉన్నాం. గడిలో పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఏసుపాదం పుట్టింది పాలేరు ఇంట్లో. తండ్రి పెట్టిన పేరు వేరే ఉండేదట. పదేళ్లప్పుడు మిషను దొరగారు బాప్తిస్మమిచ్చి ఈ పేరు పెట్టారు. పేరు మారింది గాని పని మారలేదని తనే చెప్పి నవ్వేవాడు. చదువు అబ్బలేదు. పొద్దెక్కితే సత్తిరాజు గారి పొలంలో నాగలి, పొద్దు వాలితే ఆయన పశువులకు మేత. తెల్లవారాక ఒక్క గంట మాత్రం ఏసుపాదానిది. ఆ గంటలో వెదురు గాలం భుజాన వేసుకొచ్చి లాకు దగ్గర మూడో మెట్టు మీద కూర్చునేవాడు. పొలంలో ఆయన ఒకరి పాలేరు. ఆ మెట్టు మీద ఎవరి మనిషీ కాదు.

మా లాకు మండపేటకు రెండు కోసుల దూరంలో ఉంది. తలుపుల సందుల్లోంచి నీళ్లు దూకే చోట మడుగు, మడుగులోకి రాతిమెట్లు. నీటి సుడి వచ్చి మూడో మెట్టు ముందే ఆగుతుంది, చేప కూడా అక్కడే ఆగుతుంది. పడవల రాకపోకలు మొదలయ్యేదాకా పదిమందిమి గాలాలు వేసేవాళ్లం. ఊళ్లో ఎవరి వీధి వాళ్లదే, ఎవరి బావి వాళ్లదే. గట్టు మీద మాత్రం ముందొచ్చినవాడిదే మెట్టు.

ఈ పద్ధతి ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఏసుపాదం వెళ్లేటప్పుడు మిగిలిన వానపాముల్ని కొబ్బరి చిప్పలో తడిమట్టి వేసి, పైన చామాకు కప్పి, తను కూర్చున్న మెట్టు మీదే వదిలి వెళ్లేవాడు. తరవాత వచ్చినవాడికి ఎర లేకపోతే వాడుకుంటాడని. ఒక ఎండాకాలం, కాలవకి నీళ్లు కట్టేసే ముందు, సత్తిరాజు గారు పెరడంతా తవ్వించినా ఒక్క వానపాము దొరకలేదు. పంతం కొద్దీ ఉత్త గాలంతో వచ్చి, ఆ చిప్పలోంచి తీసుకుని రెండు కొరమేనులు పట్టారు. మర్నాడు తనకంటే ముందొచ్చి కూర్చున్న పాలేరుని లెమ్మనడానికి ఆయనకు నోరు రాలేదు. పక్కమెట్టు మీద కూర్చున్నారు. ఆయనే కూర్చున్నాక మిగతావాళ్లకి అభ్యంతరమేముంది? చిప్ప నింపి వెళ్లడం మా అందరికీ అలవాటైంది.

మరి రెండు మర్యాదలు కూడా ఉండేవి. ఎన్ని పడ్డాయని ఎవరినీ అడగకూడదు. పడినవాడికి దిష్టి, పడనివాడికి సిగ్గు. నీళ్లెలా ఉన్నాయండీ అని అడగాలి. చల్లగా ఉన్నాయండి అని అవతలివాడు అనాలి. బుట్ట నిండినా అదే మాట, ఖాళీగా ఉన్నా అదే మాట. ఇక రెండోది, ఒకరికి పెద్ద చేప పడి పరుగు పెడితే దారాలు చిక్కుపడకుండా మిగతావాళ్లందరూ తమ గాలాలు ఎత్తేయాలి.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న ఏడు మా లాకుకి పల్లంరాజు అనే కొత్త రైటరు వచ్చాడు. పడవల లెక్క రాసుకునే ఉద్యోగం. పాతికేళ్లుంటాయేమో, తలపాగా బరువు మాత్రం దివానుగారిది. చక్రం ఉన్న సీమ గాలం తెచ్చుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! మొదటి రోజే చరచరా మెట్లు దిగొచ్చి, ఏసుపాదాన్ని చూసి, "ఒరేయ్, ఎన్ని పడ్డాయిరా?" అన్నాడు.

గట్టు మీదివాళ్లందరం తలలు తిప్పి చూశాం. ఏసుపాదం లేచి నిలబడి, నీళ్లు చల్లగా ఉన్నాయండి బాబుగారూ అన్నాడు. అడిగిందేంటి, చెప్పేదేంటి అని రైటరు విసుక్కున్నాడు. వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడో ఏమో, మూడో మెట్టు మీదున్న చిప్పని కాలితో తన్నాడు. చామాకు, మట్టి, పాములు అన్నీ మడుగులో పడ్డాయి. ఆ మెట్టు మీద తను కూర్చుని, సోమవారం నుంచి మెట్లకు అడ్డంగా తాడు కట్టిస్తాననీ, తను రమ్మన్నవాళ్లు తప్ప ఇంకెవరూ దిగకూడదనీ చెప్పాడు. లాకు తలుపులు తీసే లస్కరుకి మా ముందే ఆ హుకుం ఇచ్చాడు.

ఏసుపాదం ఆరో మెట్టుకి వెళ్లి గాలం వేశాడు. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, తాడు కట్టే అధికారం ఆయనకుందా మేష్టారూ అని అడిగాడు. ఉందనే చెప్పాల్సి వచ్చింది. చేపల కూర లేకపోతే గోంగూరతో తింటానండి, ఆ గంట పోతే ఇంకేం మిగులుతుందండి నాకు అన్నాడు.

శనివారం పొద్దున రైటరు గాలానికి వాలుగ పడింది. మనిషి చెయ్యంత చేప. చక్రం గిర్రున తిరిగింది, దారం మడుగంతా కోసుకుంటూ పరిగెత్తింది. మర్యాద ప్రకారం మేమందరం గాలాలు ఎత్తాలి. ఎవరూ ఎత్తలేదు. సత్తిరాజు గారు కాలవ అవతలి గట్టుకేసి చూస్తూ కూర్చున్నారు. నేనూ ఎత్తలేదు. తిక్క కుదరాలి, ఆ సీమ దారం పదిమంది దారాలతో ముడిపడి తెగిపోవాలి అని మనసారా కోరుకున్నాను. ఆదివారాలు పొరుగువాణ్ణి ప్రేమించమని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సరిగ్గా అప్పుడే ఏసుపాదం బెండు మునిగింది. కొరమేను, అందులోనూ పెద్దది. వెదురు విల్లులా వంగింది. వాలుగ తిరిగి ఆయన దారం మీదికే వస్తోంది. ఒడ్డుకు లాగడానికి వ్యవధి లేదు. ఏసుపాదం తన దారాన్ని దగ్గరికి తీసుకుని పంటితో కొరికేశాడు. చేప, బెండు, రాజమండ్రిలో కొని ఆరేళ్లుగా దాచుకుంటున్న గాలపు ముల్లు, మూడూ నీళ్లపాలయ్యాయి. అది చూసి సత్తిరాజు గారు గాలం ఎత్తారు. నేను ఎత్తాను. ఒకరి తరవాత ఒకరం అందరం ఎత్తాం.

"దారం ఒదలండి బాబుగారూ, లాగకండి. అదే అలిసిపోద్ది," అంటూ ఏసుపాదం మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. కాసేపటికి వాలుగని మొప్పల్లో చెయ్యి పెట్టి తనే గట్టు మీదికి చేర్చాడు.

పల్లంరాజు చేపకేసి కాదు, తెగి వేలాడుతున్న ఏసుపాదం దారంకేసి చూస్తున్నాడు. ఎందుకు తెంపావని అడిగాడు.

"మీ చేప ముందు పడిందండి," అన్నాడు ఏసుపాదం.

రైటరు లస్కరుని పిలిచి చేపని రెండు ముక్కలు చేయమన్నాడు, సగం ఏసుపాదానికని. ఏసుపాదం చేతులు జోడించాడు.

"గట్టు మీద చేప పంచుకోమండి. ఎర పంచుకుంటాం."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఏసుపాదానికి అది చేతకాదు. కానీ రైటరు చూపు మూడో మెట్టు మీద చిప్ప ఉండాల్సిన చోటికి వెళ్లి ఆగింది. చేపని తీసుకోకుండానే మెట్లెక్కి వెళ్లిపోయాడు. లస్కరు దాన్ని వెనకాల మోసుకెళ్లాడు.

ఏసుపాదం ఇంటి దగ్గర దీనమ్మ మొగుణ్ణి బాగానే చీవాట్లు పెట్టింది. ముల్లు పారేసుకుని మర్యాద ఇంటికి తెచ్చావు, దాన్ని పులుసు పెట్టనా అందట. తిట్టి తిట్టి తన కుట్టుసూది తనే తీసి ఇచ్చింది. దాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి ఏసుపాదం కొత్త ముల్లు వంచుకున్నాడు.

సోమవారం వచ్చింది. తాడు ఉంటే వెనక్కి తిరిగి పొలానికి పోదామని గాలం ఒక చేత్తో, ముల్లుకర్ర ఒక చేత్తో పట్టుకుని ఏసుపాదం వచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. తాడు లేదు. పల్లంరాజు అయిదో మెట్టు మీద కూర్చుని, మా వైపు తిరగకుండా, నీళ్లకేసి చూస్తున్నాడు. మూడో మెట్టు ఖాళీగా ఉంది. దాని మీద కొత్త కొబ్బరి చిప్ప, పైన ఆకు.

ఏసుపాదం ఆకు తీశాడు. చిప్ప నిండా నీళ్లు. నీళ్లలో పాతిక వానపాములు తెల్లగా నాని, చచ్చి తేలుతున్నాయి. చేప నీళ్లలో బతుకుతుంది గనక దాని ఎర కూడా నీళ్లలోనే బతుకుతుందనుకున్నాడు పాపం రైటరు. అతని గోళ్లలో మట్టి ఇంకా పోలేదు, తనే తవ్వి ఉంటాడు. సత్తిరాజు గారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను నా బెండు సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఏసుపాదం నవ్వలేదు. వడిలిన పాముని ఒకదాన్ని ఏరి సూదిముల్లుకి గుచ్చి గాలం వేశాడు. మొలలో ఆకు పొట్లం నిండా బతికున్న పాములు ఆయనకున్నాయి, నేను చూశాను. ఆ గంటంతా ఆ పొట్లం విప్పలేదు. చచ్చిన ఎరని ఒక్క చేపా ముట్టలేదు. బెండు పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది.

పొద్దెక్కింది. ఏసుపాదం పొలానికి వెళ్లాల్సిన వేళయింది. అప్పుడు అయిదో మెట్టు మీంచి, నీళ్లకేసే చూస్తూ, గొంతు సవరించుకుని రైటరు అడిగాడు. "నీళ్లెలా ఉన్నాయి, ఏసుపాదం?"

ఒరేయ్ లేదు. పేరు పెట్టి పిలిచాడు.

మా ఏసుపాదం ఖాళీ బుట్ట చేతిలోకి తీసుకుని లేచి నిలబడ్డాడు.

"చల్లగా ఉన్నాయండి, బాబుగారూ."