జీపు కింద పిట్ట

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. మనిషికి ఒక జీపు ఉంటే చాలు, మిగతా వ్యక్తిత్వం దానంతట అదే వస్తుందనేది మొదటిది. బండిలో ఏదైనా శబ్దం వస్తే పాట సౌండు పెంచుకుంటే సరిపోతుందనేది రెండోది. కడప నుంచి వచ్చి ఉద్యోగంలో చేరి రెండేళ్ళు నిండాయో లేదో, నా తోటివాళ్ళంతా బైకో, చిన్న కారో చూసుకుంటుంటే, నేను మాత్రం నాలుగు చక్రాలూ లాగే పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపును సెకండ్ హ్యాండులో కొనుక్కున్నాను. నార్సింగిలో గది, హైటెక్ సిటీలో ఆఫీసు. మధ్యలో కొండా లేదు, కోనా లేదు, ఉన్నవల్లా సిగ్నళ్ళు. నా జీపు ఎక్కిన అతిపెద్ద శిఖరం మా ఆఫీసు బేస్‌మెంటు ర్యాంపు. (అదీ వెనక నుంచి సెక్యూరిటీ ఆయన విజిల్ వేస్తుంటే.) అయినా ఆదివారం వస్తే ఖాజాగూడ చెరువు వైపు తోలుకెళ్ళి, బురదలో దాన్ని బర్రెలా పొర్లించి, ఫోటోలు దిగి, సోమవారంలోపు నీళ్ళ పైపు పెట్టి అడుగు కూడా మెరిసేలా కడిగించేవాణ్ణి. కింద గ్రీజు అనే పదార్థం ఒకటి ఉంటుందనీ, ఆ నీళ్ళ దెబ్బకు అది కొట్టుకుపోతుందనీ నాకు చెప్పినవాళ్ళు లేరు. నిజానికి ఒకాయన చెప్పాడు, నేనే వినలేదు.

ఆ ఒకాయన బోరబండలో పాత జీపులు బాగుచేసే ఉస్తాద్. మొదట్లో రివర్స్ నుంచి ఫస్ట్ గేరుకు మార్చినప్పుడల్లా జీపు కింద 'టక్'మని ఒక దెబ్బ వినపడేది. పాత బండి కదా, కీళ్ళు విరుచుకుంటోందనుకున్నాను. తర్వాత నెమ్మదిగా పోతున్నప్పుడు కిచకిచమని సన్నటి శబ్దం మొదలైంది. ఏదో పిట్ట గూడు పెట్టిందనుకుని, ఒక రోజు ఇంటి ముందు బోర్లా పడుకుని టార్చి లైటుతో వెతికాను కూడా. గూడు దొరక్కపోయేసరికి ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన జీపును పది అడుగులు ముందుకూ వెనక్కూ తోలించి, చెవి పెట్టి విని, నిట్టూర్చాడు. "పిట్ట కాదు సారూ, క్రాస్. ఇంజన్ బలాన్ని ఎనుక చక్రాలకు మోసుకపోయే పొడుగు రాడ్డు ఉంటది, దాన్ని షాఫ్టు అంటరు. దాని రెండు కొసలకు మన మోకాలు లెక్క కీలు ఉంటది, అదే క్రాస్. నీళ్ళల్ల ముంచి, పైపుతోని కడిగి, గ్రీజు కొట్టియ్యకుంటే అది ఎండిపోయి గిట్లనే ఏడుస్తది. మార్పియ్యి." వచ్చే వారం వస్తానన్నాను. "వచ్చే వారం దాంక ఆగుతవా అని దాన్ని అడిగినవా?" అన్నాడాయన. నవ్వేసి వచ్చేశాను. ఆ వచ్చే వారం రెండు నెలలు దాటినా రాలేదు.

ఇంతలో ఒక వానాకాలం ఉదయం మా ఓనరమ్మ వచ్చి తలుపు కొట్టింది. ఓనరమ్మ అంటే నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. నార్సింగి ఇంకా పల్లెగా ఉన్నప్పుడే అక్కడ పుట్టిన మనిషి. ఆమె కూతురు చిన్ని పాలిటెక్నిక్‌లో మెకానికల్ పూర్తి చేసింది. నేరుగా ఇంజనీరింగు రెండో ఏడులో చేరడానికి ఆ రోజే పరీక్ష. సెంటరు హైటెక్ సిటీ అవతల. తొమ్మిదింటికి గేటు మూస్తారు, ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. ఓనరు గారు ఊళ్ళో లేరు. తెల్లవారుజాము నుంచి కుండపోత. "క్యాబులు ఒక్కటి వస్తలేవు బిడ్డా. బుక్ చేసుడు, వాడు క్యాన్సిల్ చేసుడు. పరేషాన్ అయితుంది" అంది. వెనకాల చిన్ని హాల్ టికెట్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. నేను జీవితంలో ఏ రోజు కోసం జీపు కొన్నానో ఆ రోజు వచ్చేసిందనిపించింది. "నా బండి ఉండగా మీకు ఫికరెందుకు?" అన్నాను, తాళంచెవి వేలికి తిప్పుతూ.

ఏడుంపావుకు బయల్దేరాం. మొదటి పది నిమిషాలు నేను మహారాజును. కార్లు నీళ్ళలో తటపటాయిస్తుంటే నా జీపు చిమ్ముకుంటూ పోయింది. తర్వాత ట్రాఫిక్ ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది. ఆగి కదిలిన ప్రతిసారీ కింద 'టక్'. నా గుండెలో ఇంకో 'టక్'. కిచకిచ ఆగిపోయిందని గమనించి కాసేపు సంతోషించాను. (గురక ఆగిన ప్రతి రోగికీ నయమైనట్టు కాదని అప్పటికింకా తెలియదు.) దాని బదులు కాళ్ళ కింద ఒక వణుకు మొదలైంది. అద్దం వణికింది, స్టీరింగు వణికింది, ఓనరమ్మ చేతిలోని నీళ్ళ సీసా వణికింది. "ఏంది బిడ్డా, బండికి చలిజ్వరమా?" అందామె. "రోడ్డు బాగలేదు" అన్నాను. రోడ్డు అద్దంలా ఉంది. పక్కకు ఆపి ఉస్తాద్‌కు ఫోన్ చేద్దామా, ఇంకో అయిదు కిలోమీటర్లు లాగించేద్దామా అని ఆలోచిస్తుండగా, ఖాజాగూడ రాళ్ళ గుట్టల దగ్గర, కింద నుంచి ఎవరో గునపంతో పొడిచినట్టు 'ఢాం' అని ఒక్క దెబ్బ. ఆ వెంటనే ఇనుము రోడ్డును గీకుతున్న చప్పుడు. ఎలా బ్రేకు వేశానో, ఎలా పక్కకు ఆపానో నాకు గుర్తు లేదు. దిగి వంగి చూస్తే, షాఫ్టు వెనక కొస ఊడిపోయి రోడ్డు మీద పడుకుని ఉంది. ముందు కొస మాత్రం నాలుగు బోల్టుల మీద వేలాడుతోంది.

టైము ఎనిమిది. ఓనరమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఆటోలను ఆపడానికి రోడ్డు మీదికి పరిగెత్తింది. వచ్చిన ప్రతి ఆటో నిండుగా ఉంది. చిన్ని ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేదేమో. నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ హాల్ టికెట్టు వైపు చూసుకుంది. ఈ పిల్ల చదువులో ఒక సంవత్సరాన్ని నా షోకుతో రోడ్డు మీద పడేశానని అప్పుడు అర్థమైంది. ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టడానికి టైము లేదని ఆయనకు తెలుసు. "ఫోర్ వీల్ బండే కదా, ఆ ఎనుక షాఫ్టు మొత్తం ఇప్పి లోపల పడెయ్యి. ముందటి చక్రాలతోని పోతది. కానీ ముందుగాల చక్రాల కింద రాళ్ళు పెట్టు. రాడ్డు ఊడినంక గేరుల పెట్టినా బండి నిలవదు. నీ మీదికెళ్ళి పోతది" అన్నాడు.

రాళ్ళకు ఖాజాగూడలో కరువా? ఓనరమ్మ చీర ఎగ్గట్టి, రెండు చేతులా రాళ్ళు మోసుకొచ్చి నాలుగు చక్రాలకూ అడ్డం పెట్టింది. నేను ఆఫీసు చొక్కాతో, మెడలో ఐడీ కార్డుతో, బురదలో వెల్లకిలా పడుకున్నాను. పద్నాలుగు నంబరు పానా తగిలించి తిప్పితే బోల్టుతో పాటు నట్టూ తిరుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. అంతలో పక్కన బురదలో ఇంకెవరో పాకుతున్న చప్పుడు. చూస్తే చిన్ని. "రెండో పానాతోని నట్టును పట్టుకోవాలన్నా. నువ్వు తిప్పు, నేను పట్టుకుంట" అంది. "పరీక్షకు పోవాల్సినదానివి, బట్టలు పాడైపోతాయి" అన్నాను. "పరీక్షకు పోతేనే కదా!" అంది. రెండు బోల్టులు వచ్చాయి. మిగతా రెండు అందడం లేదు. గేరును న్యూట్రల్‌లో పెట్టి రాడ్డును చేత్తో అర చుట్టు తిప్పితే అందుతాయని చెప్పిందీ ఆమే. మూడో బోల్టు దగ్గర అడిగింది: "ఈ చప్పుడు ఎప్పటి సంది వస్తుందన్నా?" "పొద్దున్నుంచే" అన్నాను. ఆమె పానాను నాలుగో నట్టుకు తగిలించింది. నాలుగో బోల్టు ఊడగానే రాడ్డు నా ఛాతీ మీద పడింది. న్యాయమే అనిపించింది.

ఎనిమిదిన్నర. రాడ్డును వెనక పడేసి, రాళ్ళు తీసి, కొన్నప్పటి నుంచీ ముట్టుకోని ఫోర్ వీల్ లివర్‌ను లాగి, క్లచ్ వదిలాను. ఇంజను బ్రహ్మాండంగా మోగింది. జీపు అంగుళం కదల్లేదు. ఆ క్షణంలో నాకు కలిగిన భయం తర్వాత ఏ మేనేజరూ కలిగించలేకపోయాడు. మళ్ళీ ఉస్తాద్. "ముందటి చక్రాల నడుమ గుండ్రటి మూతలున్నయి కదా, అవి లాక్ మీదికి తిప్పినవా? తిప్పితేనే ముందటి చక్రాలకు బలం అందుతది." తిప్పలేదు. అవి అందం కోసం పెట్టారనుకుంటూ ప్రతి ఆదివారం పాలిష్ చేసేవాణ్ణి. చిన్ని అటు, నేను ఇటు దూకి తిప్పాం. ఈసారి క్లచ్ వదిలితే, బండిని ముందు నుంచి ఎవరో ముక్కుతాడు పట్టి లాగినట్టు కదిలింది. స్టీరింగు రోకలిబండలా బరువు. దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ (పుష్పగిరి నుంచి యాదగిరి దాకా) సెంటరు గేటు చేరేసరికి ఎనిమిది యాభై.

అక్కడ ఇంకో పరీక్ష. లోపలికి పోవాలంటే మిషను మీద వేలిముద్ర వేయాలి. చిన్ని వేలు పెట్టింది. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటు. పది వేళ్ళకూ నల్లటి జిడ్డు. "చెయ్యి కడుక్కొని రామ్మా, ఇంక పది నిమిషాలే ఉన్నయి" అన్నాడు గేటు దగ్గరాయన. నీళ్ళు పోస్తే జిడ్డు నవ్వింది. సబ్బుకు లొంగలేదు. అప్పుడు ఓనరమ్మ రోడ్డు పక్క బజ్జీల బండి మీదికి దాడి చేసినట్టు పోయి, ఆయన ఏందమ్మా ఏందమ్మా అంటుండగానే గరిటెడు చల్లటి నూనె, పక్క చాయ్ బండి నుంచి గుప్పెడు చక్కెర తెచ్చి, కూతురి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, గిన్నెలు తోమినట్టు తోమింది. "పొలం ట్రాక్టరు తోలినోని పెండ్లాన్ని, నాకు తెల్వదా గ్రీజు సంగతి" అంటోంది తోముతూనే. నేను వాచీ చూడలేక కళ్ళు మూసుకున్నాను. పచ్చ లైటు వెలిగిందని నాకు ఓనరమ్మ అరుపును బట్టి తెలిసింది. చిన్ని వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తింది, వీపంతా బురదతో. రెండు నిమిషాలకు గేటు మూశారు.

ఆఫీసుకు రాలేనని మెసేజి పెట్టి, ఓనరమ్మతో పాటు ఎదురుగా అరుగు మీద కూలబడ్డాను. ఆమె రెండు చాయ్‌లు చెప్పి, మిరపకాయ బజ్జీల పొట్లం నా చేతిలో పెట్టింది. ఆ మర్యాద నేను తట్టుకోలేకపోయాను. "ఒక మాట చెప్పాల. చప్పుడు ఈ రోజుది కాదు. రెండు నెలల ముందే మార్పించమన్నాడు మెకానిక్కు. నేనే పట్టించుకోలేదు" అన్నాను తల వంచుకుని. ఆమె బజ్జీ తుంచి నోట్లో వేసుకుంది. "నాకెరుకనే బిడ్డా. రెండు నెలల సంది పొద్దుగాల నీ బండి కిచకిచకే నేను లేస్తున్న." "మరి తెలిసీ ఎందుకు ఎక్కినారు?" "ఇంకో బండి యాడుంది?" అంది. తర్వాత చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఎక్కుమన్నోడు నువ్వొక్కనివే కదా" అంది.

మధ్యాహ్నం చిన్ని బయటికొచ్చింది. ఎలా రాశావని ఓనరమ్మే అడిగింది. "మంచిగనే రాసిన. కానీ అన్నా, యూనివర్సల్ జాయింటు, అదే మన క్రాస్ మీద, ఒక్క బిట్టు ఇయ్యలే!" అని నిజంగానే నొచ్చుకుంది. ఫలితాలొచ్చాక ఆమెకు సీటూ వచ్చింది. ఉస్తాద్ పాత క్రాస్ విప్పి, దాని నాలుగు మూతల్లో ఒకదాంట్లోంచి ఎర్రటి తుప్పు పొడిని నా అరచేతిలో పోసి చూపించాడు. "నీళ్ళల్ల తోలినప్పుడల్లా గ్రీజు కొట్టియ్యి, నాలుగు మూతల్లకెళ్ళి పాత గ్రీజు బయటికి వచ్చేదాంక" అని నాతో మూడుసార్లు పలికించాడు కూడా.

ఇప్పుడు నేను తోలే కారు గేర్లు కూడా అదే మార్చుకుంటుంది. జీపు చేతులు మారి చాలా రోజులైంది. ఖాజాగూడ మీదుగా పోతున్నప్పుడు ఆ రాళ్ళ దగ్గర వేగం తగ్గిస్తాను, అక్కడ చూడ్డానికేమీ లేకపోయినా. మెడలో ఐడీ కార్డుతో బురదలో పడుకుని, నట్టు పట్టుకోవడమే తెలియని ఒక కుర్రాడు కనిపిస్తాడు. వాడు గనక ఎదురుపడితే ముందు చెవి మెలిపెడతాను. తర్వాత, ఎవరూ చూడకుండా, పక్కకు తీసుకెళ్ళి ఒక చాయ్ ఇప్పిస్తాను.