మొదటి నంబరు గట్టయ్య

మా తమ్ముడు గట్టయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. ఎవరి చేతిలో ఫోను కనబడినా లాక్కుంటాడు. లాక్కుని, అందులో ‘గోదావరిఖనిలో ఇంటి భోజనం’ అని నొక్కి, నా మెస్సు ఎన్నో నంబరున వస్తున్నదో చూసి తిరిగి ఇచ్చేస్తాడు. దొంగకూ వాడికీ తేడా ఆ తిరిగి ఇవ్వడంలోనే ఉంది.

ఒకసారి బస్సులో కండక్టరు చేతిలోని టికెట్ల మిషను కూడా ఫోనే అనుకొని లాక్కున్నాడు. అది మెస్సు నంబరు చూపించదని వాడికి అర్థమయ్యేసరికి బస్టాండు వచ్చింది. ఆ రోజు బస్సంతా టికెట్లు లేకుండా దిగి, గట్టయ్యకు దండం పెట్టి వెళ్ళింది.

పంటి దవాఖానలో ఇంకా ఘోరం. వీడి నోటినిండా దూది కుక్కిన డాక్టరమ్మ ఇటు తిరిగి పట్టుకారు అందుకునేలోపు, బల్ల మీదున్న ఆమె ఫోను వీడి చేతిలో ఉంది.

“కదలకండి” అన్నదట ఆమె.

“నేను కదుల్తలేనమ్మా. మన నంబరే కదుల్తలేదు. ఇరవై తొమ్మిది మీదనే కూసున్నది” అన్నాడట, దూదిలోంచే.

మా వీధి బిక్షం తండ్రి పోయినప్పుడైతే నేను పక్కనే ఉన్నాను. ఏడుస్తున్న బిక్షాన్ని గట్టయ్య కావలించుకున్నాడు, వీపు నిమిరాడు, ఓదార్చాడు. ఓదారుస్తూనే వాడి చేతిలోని ఫోను వీపు వెనక నుంచి తీసుకుని నొక్కడం మొదలుపెట్టాడు. ఊరంతా అలవాటు పడ్డ జబ్బు కదా, బిక్షం ఏడుపు ఆపకుండానే అడిగాడు: “ఎన్నో నంబరు కాకా?”

ఈ జబ్బు ఎట్లా అంటుకుందో చెప్పాలంటే నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. నేను రెండో తరగతి దాకా చదివాను. మూడో తరగతి మొదలయ్యే రోజున పంతులు రాలేదు, నేను మళ్ళీ పోలేదు. నష్టం బడికే. ముప్పై ఏళ్ళుగా గని గేటు ఎదురుగా మెస్సు నడుపుతున్నాను. మూడు షిఫ్టులకూ నా పొయ్యి ఆరింది లేదు. కిందటేడు ఆ గనిలో బొగ్గు అయిపోయింది. గేటుకు తాళం పడింది, కార్మికులు తలా ఒక గనికి బదిలీ అయ్యారు. తొంభై మంది తినే చోట తొమ్మిది మంది మిగిలారు. ఆ తొమ్మిదిలో ఒకడు గట్టయ్య. వాడు లెక్కలోకి రాడు.

ఉగాది పండుగకు మంచిర్యాల నుంచి నా కొడుకు కిషన్ వచ్చాడు. ఖాళీ బల్లలు చూశాడు.

“అమ్మా, మిరుగు కార్తె దాకా చూడు. అప్పటికి ముప్పై మంది కాకుంటే మూసేసి మా ఇంటికి రా. కోడలు నీకు టీవీ పెడ్తది” అన్నాడు.

“టీవీ పెడ్తది సరే. అన్నం ఎవరు పెడ్తరు?” అన్నాను. వాడికి పెళ్ళై పద్నాలుగేళ్ళు, బరువు మాత్రం పెళ్ళినాటిదే.

వాడు అటు పోగానే గట్టయ్య గొంతు తగ్గించి అన్నాడు: “అక్కా, రేపటి సంది బస్టాండుల నిలవడి నలుగురిని పిల్చుకొస్త.”

“పిలిచి పెట్టుడు పెండ్లిల్ల. నా దగ్గరికి వెతుక్కుంట రావాలె. నువ్వు ఒక్కన్ని పిల్చుకొచ్చినవని తెలిసినా, ఆ దినమే పొయ్యిల నీళ్ళు పోస్త” అన్నాను. నేను అన్న మాట తప్పనని ఖని అంతా ఎరుగును. గట్టయ్య ఇంకా బాగా ఎరుగును. చిన్నప్పుడు నేను మాట తప్పకపోవడం వల్లే వాడి ఎడమ చెవి కొంచెం పొడుగు.

అప్పుడు వాడి బిడ్డ మమత దారి చూపింది. ఆ పిల్ల కరీంనగర్‌లో వెబ్‌సైట్లు తయారుచేసే ఆఫీసులో పని చేస్తుంది. ఒక ఆదివారం కూర్చుని నా మెస్సు పేరిట ఒక సైటు చేసింది. ఫోనులో వెతికితే మేము డెబ్బై నాలుగో నంబరున ఉన్నాం.

“పైకి పోవాల్నంటే రెండు పనులు బాపూ” అన్నది. “ఒకటి, పేజీల మనమే సొంతంగ పనికొచ్చే ముచ్చట రాయాలె. రాస్తనే ఉండాలె. రెండోది, వేరేటోళ్ళ పేజీలకెల్లి మన పేజీకి దారి ఉండాలె. దాన్నే లింకంటరు.”

“రాసుడు నాకు నేర్పుతవా బిడ్డా?” అన్నాడు గట్టయ్య.

నిజమే, వాడికి రాయడం వచ్చు. కానీ ఒక్క రాతే వచ్చు. ముప్పై నాలుగేళ్ళు భూమి లోపల సర్దారుగా చేశాడు. షిఫ్టు మొదట్లో కర్రతో పైకప్పు తట్టి, గాలి చూసి, మనుషులు దిగవచ్చునని పుస్తకంలో రాసి సంతకం పెట్టడం వాడి ఉద్యోగం. మర్నాడు మా సైటులో ఇది వచ్చింది:

‘మొదటి షిఫ్టు. స్థలము: సారలమ్మ మెస్సు. పైకప్పు: తట్టి చూడనైనది, బాగున్నది. గాలి: ఉత్తరపు కిటికీ నుండి సరిపోను వచ్చుచున్నది. కూర: వంకాయ. పప్పులో ఉప్పు స్వల్పముగా ఎక్కువ, తినువారిని హెచ్చరించనైనది. ప్రమాదములు: లేవు. గట్టయ్య, సర్దార్, రిటైర్డ్.’

తినడానికి వచ్చినవాడు చదివి వినిపించాడు. నేను గరిటెతోనే బయటికి వచ్చాను.

“ప్రమాదాలు లేవని రాసుడేందిరా? మెస్సుల ప్రమాదమేముంటది?”

“లేదనే గదక్కా రాసిన.”

“ఆ ఉప్పు ముచ్చట కొట్టెయ్.”

“పుస్తకంల ఎక్కినంక కొట్టెయ్యరాదక్కా. కొట్టేస్తే సస్పెండ్ చేస్తరు.”

“రిటైరైనోన్ని ఎవడు చేస్తడురా సస్పెండు?”

“నేనే చేసుకుంట” అన్నాడు.

ఆ సాయంత్రం ఇంకొకటి రాశాడు: ‘రెండో షిఫ్టు. వండునామె కోపముతో ఉన్నది. సురక్షిత దూరము పాటించవలెను.’

మమతకు ఫోను చేసి తిట్టమన్నాను. ఆ పిల్ల నవ్వీ నవ్వీ దగ్గింది. “తియ్యకత్తా. వచ్చినోళ్ళు ఆఖరు దాకా చదువుతున్నరు, మల్ల రేపు చూస్తున్నరు. గసొంటి రాతనే కావాలె” అన్నది. నా కోపం జనానికి పనికొచ్చే ముచ్చట అని ఆ రోజే నాకు తెలిసింది.

ఇక లింకులు. “లింకు ముచ్చట నాకు ఎరుకేనే. కొక్కెం తగిలియ్యంది బొగ్గు టబ్బు కదులుతదా?” అని ఇత్తడి పళ్ళెంలో కుంకుమ, పసుపు బియ్యం పెట్టుకుని గట్టయ్య బయలుదేరాడు. మగవాడు ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టడం మా దగ్గర ఎక్కడా లేదు. లింకు కోసం అదీ మొదలైంది. ఫోటో స్టూడియో శివ ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తుంటే పోయి, ఫోటో తీసేవాడికీ, దిగేవాడికీ ఇద్దరికీ నిలువు బొట్టు పెట్టాడు.

“శివా, మీ పేజీలకెల్లి మా అక్క మెస్సుకు లింకియ్యాలె. తప్పకుంట ఇంటిల్లిపాది ఇయ్యాలె.”

“ఇంటిల్లిపాదికి సైటు లేదు కాకా.”

“ఉన్నప్పుడే ఇయ్యిర్రి.”

ఇచ్చినవాళ్ళకు మళ్ళీ మనం పెట్టాలి కదా. అది మర్యాద. ఆ మర్యాదలో మా మెస్సు పేజీ కింద నలభై మంది చేరారు. పైన నా భోజనం. దాని కింద వరుసగా అరుగుదల మందుల షాపు, మొలల దవాఖాన, చిట్టచివర శవాలను తీసుకుపోయే బండి. పైనుంచి కిందికి చదివినవాడు నా గుమ్మం ఎక్కుతాడా?

ఈసారి మమత నిజంగానే తిట్టింది. “సంబంధం లేనోళ్ళతోటి గిట్ల లింకులు మార్చుకుంటే పైకి పోము బాపూ, కిందికి వడ్తం. అన్నం వెతికెటోళ్ళకు అక్కరొచ్చే పేజీలు ఉంటయి గద, హాస్టళ్ళు, కిరాయి రూములు. వాళ్ళకు నచ్చి ఇయ్యాలె. ఆ నాలుగు చాలు.”

గట్టయ్య మళ్ళీ పళ్ళెం పట్టుకుని గడప గడపకూ తిరిగాడు. “వియ్యం కుదరలేదు, మనసుల వెట్టుకోకుర్రి” అని చెప్పి వచ్చాడు. శవాల బండివాడు మాత్రం, “నా దగ్గరికి ఎట్లన్న వస్తరు కాకా, లింకెందుకు” అన్నాడట.

ఎండలు ముదిరాయి. అప్పుడు మొదలైంది జనం రావడం. ఒకరోజు ఇద్దరు, ఇంకోరోజు ముగ్గురు. అందరూ ముక్కు మొహం తెలియని పిల్లలు. రామగుండం కరెంటు ప్లాంటుకు పనికొచ్చినవాళ్ళు, ఎరువుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాళ్ళు, దవాఖానలో తమవాళ్ళను చేర్చి బయట కూర్చున్నవాళ్ళు. ప్రతివాడూ గుమ్మంలో నిలబడి పాఠం ఒప్పజెప్పినట్టు ఒకే మాట: “అవ్వా, ఫోన్ల చూసి వచ్చిన. మీదే మొదటి నంబరు.”

నా సంగతి ఇక అడగకండి. నడక మారింది. ఎదురుగా టిఫిన్లు అమ్మే చంద్రమతి, కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డది, ఒకరోజు అడిగింది: “ఏంటి వదినగారూ, గని మూసేశాక మీకు గిరాకీ పెరిగిందేంటి?”

“గూగుల్ నన్ను ముందల వెట్టింది చంద్రమతీ. దానికి నోరు లేకున్నా రుచి తెలుసు” అన్నాను.

గట్టయ్య మాత్రం పదింటికి పోయి, మిట్టమధ్యాహ్నం తువ్వాల నెత్తిన వేసుకుని వచ్చేవాడు. చెట్టు కింద కాకులు కూడా నోరు తెరిచే ఎండ. “ఏడికి పోతున్నవురా?” అంటే, “నంబరు చూస్తున్నక్కా” అనేవాడు. మొదటి నంబరు వచ్చాక కూడా ఇంకా చూసేదేమిటి అని నేను అడగలేదు. గెలిచినవాళ్ళకు అనుమానాలు రావు.

మిరుగు రోజు వచ్చింది. మా దగ్గర ఆ రోజు చేపలు తినాలి. పెద్ద గిన్నె నిండా చింతపులుసు పెట్టాను. కిషన్ వచ్చి తలలు లెక్కబెట్టాడు. ముప్పై నాలుగు. నమ్మక ఆ చివరి నుంచి మళ్ళీ లెక్కబెట్టాడు. అటు నుంచి కూడా ముప్పై నాలుగే.

“నువ్వు కూసుంటే ముప్పై ఐదు” అన్నాను. కూర్చున్నాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. టీవీ మాట ఎత్తలేదు.

మమత నాకు కొత్త ఫోను తెచ్చింది. “మొదటి నంబరు చూపియ్యి బిడ్డా, నేను సుత కండ్లార చూస్త” అన్నాను. నొక్కింది. పైకి తోసింది. ఇంకా తోసింది.

“పదిహేడు” అన్నది సంతోషంగా. “డెబ్బై నాలుగుకెల్లి రెండు నెలల్ల పదిహేడంటే మాటలు కాదత్తా. రెండో పేజీల ఉన్నం.”

“రెండో పేజీ ఎవరు చూస్తరు?”

“ఎవ్వలు చూడరు.”

నేను చేపల గరిటె పట్టుకుని బల్లల వైపు తిరిగాను. దగ్గరగా ఉన్నది సంపత్, ఎరువుల ఫ్యాక్టరీ పిల్లవాడు. చేప తలకాయ వాడి చేతిలో సగంలో ఆగింది.

“ఏమయ్యా, మొదటి నంబరు చూసి వచ్చిన అంటివి?”

సంపత్ పక్కవాడిని చూశాడు. పక్కవాడు చారు చూశాడు.

“చూడలేదవ్వా” అన్నాడు చివరికి. “రామగుండం స్టేషన్ల బెంచీ మీద కూసున్న. పొద్దటిసంది తినలే. ఒక పెద్దమనిషి వచ్చి ఫోను గుంజుకున్నడు. ఏందో నొక్కి, ‘చూడు, మొదటి నంబరు’ అన్నడు. నాకు కనవడలే. గదే చెప్పిన. ‘ఆకలికి కండ్లు మసకలు కమ్మినయి, తిన్నంక కనవడ్తది’ అన్నడు.”

ఎవరో నవ్వబోయి నా గరిటె చూసి ఆగారు.

“ఆటో ఎక్కిచ్చి, ‘ఫోన్ల చూసి వచ్చిన అని చెప్పు. పిలిస్తే వచ్చిన అన్నవో, మా అక్క పొయ్యి ఆర్పుకుంటది. ఆమెకు వంటకంటె గర్వం ఒక చిటికెడు ఎక్కువ’ అన్నడు.”

ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. ఒకడిని బస్టాండు నల్లా దగ్గర పట్టాడు. ఇంకొకడిని దవాఖాన వరండాలో. నీళ్ళతో కడుపు నింపుకునేవాడు ఎక్కడ ఉంటే అక్కడ గట్టయ్య ఉన్నాడు. తిన్నావా అని పరాయివాడు అడిగితే పడుచు పిల్లలు ఆకలి దాచి తిన్నాననే అంటారు. ఫోను లాక్కుంటే తగాదాకు వస్తారు, తగాదాలో నిజం బయటపడుతుంది.

అప్పుడే ఎండలోంచి వచ్చాడు వాడు. తువ్వాల తీశాడు. ముప్పై నాలుగు మంది నేల చూపులు చూస్తుంటే వాడికి అర్థమైంది. నా చేతిలో నీళ్ళ చెంబు కూడా కనబడింది.

“పొయ్యిల పోస్తవా అక్కా?” అన్నాడు.

“పిలవద్దంటినా?”

“పిలువలే. వెతుక్కుంట రావాలంటివి. వాళ్ళు అన్నం వెతుక్కుంటనే ఉన్నరు. నేను నడుమల దొరికిన.”

కిషన్ నన్నే చూస్తున్నాడు. నేను చెంబులోని నీళ్ళు గట్టయ్య గ్లాసులో పోశాను. వాడు గటగటా తాగాడు. ఇంకో గ్లాసు పోశాను. పళ్ళెంలో అన్నం పెట్టి, ఉన్నవాటిలో పెద్ద ముక్క వేశాను.

“రేపటి సంది ఎండ ముదరకముందే పొయ్యి రా. మిట్టమధ్యాహ్నం తిరిగితే కాళ్ళు ఇరగ్గొడ్త” అన్నాను.

“సరే అక్కా.”

“ఇంకోటి. ఫోన్లున్న పడుచోళ్ళనే తెస్తున్నవు. స్టేషన్ల ముసలోళ్ళు గూడ కూసుంటరు. వాళ్ళకు ఫోన్లుండయి, ఆకలి ఉంటది.”

గట్టయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. నిజంగానే చిక్కులో పడ్డాడు.

“మరి వాళ్ళ దగ్గర ఏం గుంజుకోవాలెనే?”

“చెయ్యి” అన్నాను.