మాకు లేని బర్రె

వరంగల్‌లో మా కాలనీ వెనక ఒక కాలేజీ గ్రౌండ్ ఉంది. పొద్దున్నే అక్కడ నడుస్తాను. అందరం బూట్లు వేసుకుని, ఫోన్లు చేత పట్టుకుని, గానుగకు కట్టినట్టు ఒకే వైపు తిరుగుతాం. ఎక్కడికి పోతున్నావని ఎవరూ ఎవరినీ అడగరు. అడిగినా చెప్పడానికేముంది, తిరిగి తిరిగి బయల్దేరిన గేటు దగ్గరికే కదా వచ్చేది. డాక్టరమ్మ నడవమంది కాబట్టి నడుస్తున్నాను. దాన్ని నడక అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

నడకంటే మా అత్తగారి ఊళ్లో అక్కతో నడిచిందే. అక్క అంటే తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య, నాకు యారాలు. పరకాల దగ్గర ఒక చిన్న పల్లె అది. నేను పెళ్లై వెళ్లేసరికి ఆమె ఆ ఇంట్లో బాగా పాతబడిన కోడలు. నేను వెళ్లిన మొదటి వారంలోనే పెరట్లోకి పిలిచి, అటూ ఇటూ చూసి, "చెల్లె, నీకు నడుసుడంటె ఇష్టమేనా?" అని గుసగుసగా అడిగింది. సిగరెట్టు తాగుతావా అని అడిగినట్టు అడిగింది.

ఆ గుసగుస ఎందుకో తర్వాత తెలిసింది. మా ఊళ్లో ఊరికే నడిచేవాళ్లు లేరు. చేనికి పోయేవాళ్లు చేనికి పోతారు, దుకాణానికి పోయేవాళ్లు దుకాణానికి పోతారు. ఎదురైన ప్రతి మనిషీ "ఏడికి?" అంటాడు. అది పలకరింపే అయినా జవాబు లేకపోతే మాత్రం అనుమానం మొదలవుతుంది. ఇద్దరు కోడళ్లు పొద్దుగూకే వేళ ఉత్తచేతులతో కాలువ గట్టున పోతున్నారంటే, అత్తతో కొట్లాడి పుట్టింటికి పోతున్నారని వాళ్లు తిరిగి వచ్చేలోపు ఊరంతా పాకిపోతుంది. అందుకని అక్క ఒక ఉపాయం పన్నింది. కొట్టంలో మేకుకు వేలాడే పాత తాడు తీసి చేతికి చుట్టుకుంది.

"ఎవలన్న అడిగితె బర్రె తప్పిపోయిందను. మిగిలింది నేను జూసుకుంట" అంది.

మాకు రెండు బర్రెలుండేవి. ఆ వేళకు రెండూ కొట్టంలో హాయిగా కుడితి తాగుతూ ఉండేవి. తప్పిపోయింది మూడోది, మాకు లేనిది. దానికి ఒక కొమ్ము విరిగిందని, కొత్త మనుషులను చూస్తే బెదురుతుందని, అక్క రోజుకో ముచ్చట దానికి తగిలిస్తూ పోయేది. కొన్నాళ్లకు నాకే అది కళ్ల ముందు కనబడటం మొదలైంది.

పెద్ద నడకలేం కావు అవి. పెరటి తడిక దాటితే మిర్చి చేను, చేను ఒడ్డు దాటితే కాలువ గట్టు. గట్టు మీద మట్టి మెత్తగా ఉంటే చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్లం. పత్తి పగిలే రోజుల్లో కాలువకు రెండు వైపులా తెల్లగా ఉండేది, నాట్ల రోజుల్లో బురద వాసన వచ్చేది. కాలువ వెంబడే పోతే ఒక చిన్న బ్రిడ్జి, దాని పక్కన గుట్ట. చిన్నపిల్లలకు కూడా ఆయాసం రానంత గుట్ట. సీతాఫలాల కాలంలో కళ్లు తెరిచిన కాయలు ఏరి కొంగులో వేసుకునేవాళ్లం. పైన వెడల్పాటి బండ ఒకటి పగలంతా ఎండకు కాగి, సాయంత్రానికి కూర్చోవడానికి వెచ్చగా ఉండేది. అక్కణ్నుంచి చూస్తే వరి మడులు, తాటిచెట్లు, రోడ్డు మీద పరకాల బస్సు. బస్సు కనుమరుగయ్యేదాకా ఇద్దరం దాన్నే చూసేవాళ్లం, మేమేదో దానికి టికెట్ కొన్నట్టు.

"గీ బండ మీద కూసున్నంత సేపు నేను ఎవ్వల కోడల్ని గాదు చెల్లె" అంది ఒకసారి. నేను సీతాఫలం గింజ ఉమ్మాను. ఆమె నవ్వింది.

కాలువ గట్టు మీద తన మోటరు దగ్గర ఒక తాత కూర్చునేవాడు. మమ్మల్ని ఆపకుండా పోనిచ్చిన రోజు లేదు.

"ఏడికి పోతాన్రు బిడ్డా?"

"బర్రె తప్పిపోయింది తాతా. ఇటు దిక్కు గిట్ల వచ్చిందా?"

"మల్ల తప్పిపోయిందా! గసొంటి బర్రెను అమ్ముకోక ఎందుకుంచుకున్నరు?"

"పాలు మంచిగిత్తది తాతా" అనేది అక్క, మొహంలో ఏమీ కనబడనీయకుండా. నేను మాత్రం కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

తాత మంచివాడు కావడమే మా కొంప ముంచింది. పాపం, మా కష్టం చూడలేక చుట్టుపక్కల నాలుగు ఊళ్లకూ చెప్పాడు. ఒక రోజు పొద్దున్నే పక్క ఊరి రైతొకాయన బర్రెను తోలుకుని మా వాకిట్లోకి వచ్చాడు. దానికి నిజంగానే ఒక కొమ్ము విరిగి ఉంది.

"మీ కోడండ్లు దినాం దేవులాడుతాండ్రట గదా. మా చేన్ల వడ్డది, పట్టుకొచ్చిన" అన్నాడు మా అత్తమ్మతో.

అక్క చేతిలో చీపురు ఉన్నచోటే ఆగిపోయింది. అత్తమ్మ ఆ బర్రెను చూసింది, కొట్టంలో ఉన్న మా రెండింటినీ చూసింది, తర్వాత మా ఇద్దరి మొహాలు చూసింది. దగ్గరికి పోయి బర్రె వీపు నిమిరి, తాపీగా చెప్పింది.

"ఇది మాది గాదు బిడ్డా. మాది ఇంకింత నలుపుంటది."

ఆయన చాయ తాగి బర్రెను తోలుకుని వెళ్లిపోయాడు. అత్తమ్మ రోజంతా ఆ ఊసు ఎత్తలేదు. సాయంత్రం మేం బయటికి పోదామా వద్దా అని తడిక దగ్గర తచ్చాడుతుంటే వెనక నుంచి కేకేసింది. "గా తాడు మార్చున్రి. గా తాడుకు మేక గూడ ఆగది."

అత్తమ్మ పోయాక ఇల్లు ఇల్లుగా లేదు. అన్నదమ్ములు పంచుకున్నారు. కాలువకు ఇవతలి పొలం మాకు, అవతలి మెట్ట చెలక వాళ్లకు. బోరు ఎవరి వంతులోకి రావాలన్న దగ్గర మాట మాట పెరిగి, మా ఆయనకూ బావగారికీ మాటల్లేకుండా పోయాయి. మేం పొలం కౌలుకిచ్చి వరంగల్ వచ్చేశాం. అన్నదమ్ములకు మాటల్లేకపోతే వాళ్ల పెళ్లాలకు కూడా ఉండకూడదని ఎవరు పెట్టారో గాని, వాళ్లు కనబడితే నాలుగు దులపాలని ఉంది నాకు. బోరు నీళ్లు నేను తాగలేదు, అక్కా తాగలేదు. ఒకసారి ఉండబట్టలేక ఫోన్ చేశాను. బావగారు ఎత్తారు. పెట్టేశాను. ఇంకోసారి ఒక పెళ్లిలో ఎదురెదురు బంతుల్లో కూర్చున్నాం. మాటల్లేనివాళ్లు ఎదురుపడితే పక్కనున్న మూడో మనిషితో అన్నట్టు ఒక మాట వినిపించడం మా దగ్గర మామూలే. అక్క అది కూడా చేయలేదు. ఆకులో అన్నం కలుపుతూ తలొంచుకునే ఉంది. ఆ రోజు నేను పెరుగు దాకా కూర్చోలేకపోయాను.

గ్రౌండ్‌లో నడుస్తున్నప్పుడు ఎన్నిసార్లు అనుకుంటానో, ఎవరైనా ఆపి "ఏడికి?" అని అడిగితే బాగుండునని. నాకు అక్క కావాలి. ఇంతకంటే చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు. ఆ బండ మీద ఆమె పక్కన ఒక్కసారి కూర్చుంటే చాలు, బస్సు పోయేదాకా.

మొన్న యాసంగి పంటప్పుడు కౌలుదారు మోటరు చెడిపోయిందని పిలిస్తే మా ఆయన ఊరికి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. పొలంలో మగవాళ్లు మాట్లాడుకుంటుంటే నేను మెల్లగా కాలువ గట్టెక్కాను. తాత ఇంకా అక్కడే, తన మోటరు దగ్గరే ఉన్నాడు. చూపు బాగానే ఉంది, చెవులే తగ్గాయి.

"ఏడికి బిడ్డా?" అన్నాడు.

నా చేతుల్లో ఏమీ లేదు. అప్పుడే కాలువ అవతలి గట్టు మీద ఎవరో వస్తూ కనిపించారు. నడక చూసి గుర్తుపట్టాను. ఒక మోకాలు నొప్పిగా ఉందేమో, కొద్దిగా ఒరిగి నడుస్తోంది. పక్కన ఎవరూ లేరు. చేతికి తాడు చుట్టుకుని ఉంది. పంపకంలో వాళ్లకు పోయిన బర్రెలు రెండూ ఎప్పుడో అమ్మేశారని నాకు తెలుసు.

అక్క ఆగింది. నా వైపు చూడలేదు. చెయ్యెత్తి గట్టిగా కేకేసింది.

"తాతా! మా బర్రె గిట్ల కనవడ్డదా?"

"నీకు బర్రెలెక్కడియి బిడ్డా? అమ్ముకుంటిరి గదా!"

"అవి గాదు తాతా. గా కొమ్మిరిగింది. ఏండ్లాయె తప్పిపోయి. ఇయ్యాల గిట్ల ఇటు దిక్కు వచ్చిందా అని."

తాత చెవిలో పడేలా, అవతలి గట్టుకు వినబడేలా అరిచాను. "వచ్చింది తాతా! గుట్ట దిక్కు పోతాందని చెప్పు!"

"మీ ఇద్దరికి నోళ్లు లేవా? నడుమ నేనెందుకు?" అని తాత విసుక్కున్నాడు.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని గుట్ట వైపు నడవడం మొదలుపెట్టింది. నేను ఇవతలి గట్టున నడిచాను. వెనక నుంచి మా ఆయన పిలుస్తున్నాడు. అక్క మెల్లగా నడుస్తోంది కాబట్టి నేనూ మెల్లగానే నడిచాను. మధ్యలో కాలువ నిండుగా పారుతోంది. బ్రిడ్జి ఇంకా కొంత దూరం ఉంది.