పొడి ప్యాంటు

హనుమాన్ జంక్షన్ బస్టాండులో ఒకావిడ భర్త ప్యాంటు చూసి కుళ్లుకున్నాను. నవ్వకండి. ఆ ప్యాంటు పొడిగా ఉంది. నా పక్కన కూర్చున్న మా ఆయన ప్యాంటు తడిసిపోతే, ఒళ్లో తువ్వాలు కప్పి ఉంచాను.

ఇద్దరిదీ ఒకటే జబ్బని మాటల్లో తెలిసింది. మెదడు ముందుభాగం కుంచించుకుపోయే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా. ఆయనా మా ఆయనలాగే ఎటో చూస్తూ ఊరికే చప్పట్లు కొడుతున్నారు. మరి ఆయన ప్యాంటుకి ఇస్త్రీ మడత కూడా నలగలేదేం?

ఇంతలో ఆవిడ వాచీ చూసుకుని లేచింది. "పదండి," అంది. ఆయన లేచి వెంట నడిచారు. మరుగుదొడ్డి దాకా తీసుకెళ్లి, కాసేపటికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"ఆయనకి వస్తోందని మీకెలా తెలిసిందండీ?" అన్నాను.

"నాకు తెలీదండీ. ఆయనకీ తెలీదు. అడిగితే లేదనే అంటారు. అందుకే అడగడం మానేసి, గంటన్నరకోసారి తీసుకెళ్లిపోతా."

పెళ్లయిన దగ్గర్నుంచీ 'వెళ్తారాండీ, తింటారాండీ' అని అడగడమే గానీ, మా ఆయనతో 'పదండి' అని ఎరగను. ఆయన 'లేదు' అంటే నమ్మేదాన్ని. తడిపేస్తే, కావాలనే చేస్తున్నారని తిట్టేదాన్ని.

"అడక్కుండా తీసుకెళ్లాలని ఎన్నాళ్లకి తెలిసింది మీకు?"

"మొదటి నెల్లోనే డాక్టరుగారు చెప్పారండీ."

ఇప్పుడు మా ఆయన ప్యాంటూ పొడిగానే ఉంటోంది. ఆవిడ మీద కుళ్లు మాత్రం పోలేదు. నేను మా ఆయన్ని తిట్టిన రెండేళ్లూ ఆవిడ వాళ్లాయన్ని తిట్టలేదు.