అటువైపు పిడి

మా బావకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో నేను ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆస్పత్రి వరండాలో మా అక్క గోడకి జారగిలబడి ఏడుస్తుంటే, నేను ఎదురుగా ఉన్న వాటర్ కూలరు రేకుకి ఎన్ని స్క్రూలున్నాయో చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు. గుండె రాయి చేసుకున్నానని కాదు, అసలు ఏమీ అనిపించలేదు. బంధువులంతా నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. కాదని చెప్పే ఓపిక కూడా నాకు లేకపోయింది.

మాది లేత్ మీద కర్రని తిప్పి గిన్నెలు, పళ్ళాలు చేసే పని. తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు. బావ రేపల్లె నుంచి పొద్దున రైలుకి క్యారేజీ పట్టుకుని వచ్చేవాడు. మేం వాడేది పచ్చి కర్ర. ఎండిన కర్ర ఉలికి ఎదురు తిరుగుతుంది, పచ్చిది దోసకాయ తొక్కలా చుట్టలు చుట్టలుగా లేస్తుంది. కానీ పచ్చి మొద్దుని అలాగే వదిలేస్తే వారం పదిరోజుల్లో కొసలు పగులుతాయి. అందుకని చెట్టు పడిన కబురు రాగానే వెళ్ళి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కని నిలువునా రెండుగా చీల్చి, కొసలకి మైనం రాసేయాలి.

కొయ్యడానికి మాకున్నది ఐదడుగుల రంపం. ఇటొక పిడి, అటొక పిడి. ఎవరి వంతుకి వాళ్ళు తమ వైపు లాగాలి, ఎదుటివాడు లాగేటప్పుడు చేయి వదులు చెయ్యాలి. పని అంతా ఆ వదలడంలోనే ఉంది. ఇరవై ఆరేళ్ళు నేను ఇటు, బావ అటు. ఎలక్షన్లప్పుడు పోట్లాడుకుని రెండు నెలలు మాటలు మానేశాం, రంపం మాత్రం మానలేదు.

బావకి కాలు కొంచెం వచ్చింది. కుడిచేయి రాలేదు. ఇక రాదని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. నేను లోపలికెళ్ళి, "దసరాకల్లా రంపం పడతావు బావా" అన్నాను. ఎవరూ నేర్పకుండానే అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. పోయిన నెల దుగ్గిరాల నుంచి ఒక కోతమనిషిని పిలిపించి, అటువైపు పిడి అతని చేతికిచ్చాను. మధ్యాహ్నం భోజనం పెట్టి పంపేశాను. సరిపడలేదని ఇంట్లో చెప్పాను. బావకి అసలు చెప్పనే లేదు.

తర్వాత బావ ఫోన్ చేశాడు. "మా పక్కింటోళ్ళ నిద్రగన్నేరు గాలికి పడిందిరా. నీకే ఇస్తారంట. ఎప్పుడొస్తన్నావు?"

మనిషి వద్దనుకున్నాక మిగిలింది ఒక్కడే పట్టుకుని కోసే చైను రంపం మిషను. మిషను భుజాన వేసుకుని ఆ ఇంటికి వెళ్ళడమంటే, నీ చేయి ఇక రాదు బావా అని మొహాన చెప్పడమే. వెళ్ళకపోతే మొద్దు పగులుతుంది, ఎందుకు రాలేదని బావే అడుగుతాడు. ఏం చెయ్యాలో తోచక, తోచిన పని చేశాను. రంపం కొనడానికి బయలుదేరాను.

తెనాలిలో పొలాలకి మందుకొట్టే స్ప్రేయర్లు, ఈ రంపం మిషన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాను. "ఏం కొయ్యాలండి? కొబ్బరా, తుమ్మా?" అని అడిగాడు కొట్టాయన. గిన్నెలకని చెప్తే నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. గోడకున్న వాటిలో అన్నిటికంటే పొడుగు బ్లేడున్నది చూపించి అది కావాలన్నాను. మూడడుగులుంటుంది. ఐదడుగుల రంపానికి అలవాటుపడ్డ కళ్ళకి మిగతావి కూరగాయల కత్తుల్లా కనిపించాయి. చేతిలోకి తీసుకుంటే నడుం వంగిపోయింది. "బాబాయ్ గారూ, దీనికి మనిషి సాయం కావాలండి" అన్నాడాయన. మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

మర్నాడు బాపట్ల వెళ్ళాను. సముద్రం దగ్గర సరుగుడు తోటలు కొట్టే మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు. ఆయన రోజంతా మిషను పట్టే మనిషి, నా కంటే పెద్దవాడు. నేను చెప్పింది విని నవ్వాడు.

"నీ గిన్నె ఎంతుంటది? మహా అయితే ఒక అడుగు. పద్దెనిమిది అంగుళాల బ్లేడు చాలు. పొడుగైతే కొస నేలకి తగిలి చైను మొద్దుబారిపోద్ది. బ్యాటరీది తీసుకోబాక, నిలువుకోతకి అది ఆగదు. కరెంటుది అసలొద్దు, పడ్డ చెట్టు కాడ ప్లగ్గెవడు పెడతాడు? పెట్రోలుదే తీసుకో. నిలువుగా చీలిస్తే పొడుగు పీచొస్తది, అది చైను మూత కింద ఇరుక్కుని మిషనాగిపోద్ది. కాబట్టి మూత కింద వేలు పట్టేంత సందుందో లేదో చూసుకో. పిడికాడ రబ్బర్లు గట్టిగా ఉన్నయ్యో లేదో చూడు, లేకపోతే అదురంతా చేతులకెక్కుద్ది."

"మొద్దు రెండడుగులుంటే, అన్నా?"

"సగం ఇటునుంచి కొయ్యి. అటుతిరిగి వెళ్ళి మిగతా సగం కొయ్యి."

తలాడించాను. ఆయన మిషను నా చేతికిచ్చి ఒక దుంగ కోయించాడు. బాగానే కోశాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. చీరాల నుంచి వస్తున్న ఒకావిడ తెనాలి దాకా తన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. విన్నాను. సాయంత్రం కొట్టుకెళ్ళి, మూతల కింద వేలుపెట్టి చూసి, పద్దెనిమిది అంగుళాలది తీసుకున్నాను. కొత్త వస్తువు కొన్న సంతోషం ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. లేదు.

రేపల్లెలో ఆటో దిగేసరికి బావ పక్కింటి దొడ్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నా చేతిలో సంచిని చూశాడు. ఐదడుగుల రంపం సంచిలో పట్టదని ఆయనకి తెలుసు. నేను మిషను బయటికి తీసి, పెట్రోలు పోసి, తాడు లాగి స్టార్ట్ చేశాను. ఆ మోతకి మాట్లాడే అవసరం తప్పిపోయింది, దానికి నేను లోలోపల సంతోషించాను.

రెండడుగుల మొద్దు. సగం కోశాక ఆపి అటువైపు వెళ్ళాను. ఇరవై ఆరేళ్ళలో ఏ మొద్దుకీ అటువైపు నిలబడి నేను కోయలేదు. కోత రెండు వైపులనుంచీ సరిగ్గా కలిసింది. ముక్కల్ని నిలువునా చీల్చాను. బాపట్ల మేస్త్రీ చెప్పినట్టే పొడుగు పీచు కుప్పలుగా పడింది. ఆపాక చూసుకుంటే రెండు చేతులూ నావి కానట్టున్నాయి.

"తిమ్మిరెక్కిందా?" అన్నాడు బావ.

"ఆఁ."

"నాకెప్పుడూ ఇట్టానే ఉంటది."

నేను వెళ్ళి ఆయన కుర్చీ పక్కన, ఆ పీచులోనే కూలబడ్డాను. దసరా గురించి చెప్పిన అబద్ధానికి ఏదో ఒకటి అంటాడనుకున్నాను.

"మిషను కొని మంచిపని చేశావురా," అన్నాడు. "ఎప్పటికైనా నా చోట ఇంకొకణ్ణి నిలబెడతావేమోనని నాకు నిద్రపట్టేది కాదు. అది చూసి తట్టుకోలేను."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయనకి హాయి, నాకూ హాయి. కానీ నోరు ఊరుకోలేదు.

"నిలబెట్టాను బావా. పోయిన నెల. దుగ్గిరాల మనిషి. ఒక పూట."

బావ మొహం ఒక పక్కే కదిలింది. రెండో పక్క ఎలా ఉన్నదో అలాగే ఉండిపోయింది. పీచుకుప్ప వైపు చూస్తూ అడిగాడు.

"లాగలేకపోయాడా?"

సరిపడలేదు అని అందరికీ చెప్పిన మాట నాలిక చివర్నే ఉంది.

"బాగా లాగాడు. గంటలో అలవాటైపోయాడు. కళ్ళు మూసుకుంటే అటువైపు నువ్వే ఉన్నట్టుంది బావా."

"మరెందుకు పంపేశావు?"

"అందుకే," అన్నాను. ఇంకేదో చెప్పబోతుంటే ఏడుపొచ్చింది. పక్కింటివాళ్ళు గోడ దగ్గరకొచ్చి చూస్తున్నా ఆపుకోలేకపోయాను.