ఎసిల్ఫీ కుర్చీల సూచిక

మా దేశంలో ధరలు ఎంత పెరిగాయో, ఎంత తగ్గాయో రాజధాని అక్రాలోని గణాంక శాఖ నెలకోసారి ప్రకటిస్తుంది. కుమాసీకి గంట దూరంలోని మా ఊళ్ళో ఆ ప్రకటన కోసం ఎవరూ ఎదురు చూడరు. క్వేసి ఎసిల్ఫీ ముందే చెప్పేస్తాడు.

ఆయన అంత్యక్రియలకు షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిస్తాడు. ఇరవై ఏళ్ళ కిందట సముద్రతీరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన సిద్ధాంతం ఇది: చేతిలో డబ్బు ఆడుతుంటే ఏ కుటుంబమైనా మూడు వారాల్లో మనిషిని సాగనంపుతుంది. ఆడకపోతే మార్చురీలో మూడు నెలలు పడుకోబెడుతుంది. కనుక శనివారాల బుకింగులు చూస్తే దేశం స్థితి తెలిసిపోతుంది. ఈ సిద్ధాంతం ఇప్పటికి రెండుసార్లు నిజమైంది. అర్థశాస్త్రంలో అది మంచి రికార్డే.

మా పొదుపు సంఘంలో పందొమ్మిది మందిమి. నాలుగేళ్ళ పొదుపు నలభై వేల సెడీలు. దాన్ని తొంభై ఒక్క రోజుల ప్రభుత్వ ట్రెజరీ బిల్లుల్లో పెట్టాలా, బీరు కంపెనీ షేర్లలో పెట్టాలా అని తేల్చుకోలేక ఉన్నాం. అప్పుడే ఎసిల్ఫీ దగ్గర మూడు శనివారాలు ఒక్క పూటలో నిండిపోయాయి. ఆయన మమ్మల్ని షామియానా కింద కూర్చోబెట్టి, ఒక చావు పోస్టరు వెనకవైపు గీత గీశాడు. గీత పోస్టరు దాటి బల్ల మీదికి పాకింది. అందరికీ ఒళ్ళు పులకరించింది. మొత్తం సొమ్మూ బీరులో పెట్టాలని పద్దెనిమిది చేతులు లేచాయి.

లేవనిది లెక్కల టీచరు అకువా సర్పొమా చెయ్యి. మా ఊరి రాజకుటుంబానికి పెద్దదిక్కయిన రాణీతల్లి ఇంటి పక్కనే ఆవిడ పుట్టిల్లు. కారణమేమిటని అడిగితే చెప్పలేదు. బీరంటే పడదేమోనని అందరూ నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండులోగా కుమాసీలో షేర్ల ఫారం ఇచ్చేయాలి. ఎసిల్ఫీ వ్యానెక్కాడు. నిండితేనే కదిలే వ్యాను. పదిన్నరకు చివరి సీటు నిండింది. ఎక్కింది టీచరమ్మే.

"ఎన్ని చావులో లెక్కపెట్టావు సరే, చావుకెన్ని కుర్చీలో చూశావా మామా?" అందావిడ.

ఆయన పుస్తకం తీశాడు. మామూలుగా చావుకు మూడు వందల కుర్చీలు వెళ్తాయి. ఈసారి తొంభై, నూట పది, ఎనభై. పెద్ద కోకో తోటలున్న వాళ్ళు సైతం నూట పదితో సరిపెట్టుకున్నారు. డబ్బున్నవాడు బంధువుల్ని నిలబెట్టడు.

"అయితే వాళ్ళకింత తొందర దేనికి టీచరమ్మా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. "నా దగ్గరున్నది ఒక్కటే గొర్రె. అది పోగొట్టుకోలేను."

ఎసిల్ఫీ చెమటలు తుడుచుకున్నాడు. మా ఊళ్ళో గొర్రె జరిమానా పడే మాట ఒక్కటే. రాజకుటుంబంలో చావును, దర్బారు డప్పు కొట్టక ముందు, నోట అనడం. డప్పు మోగితే నలభై రోజులు ఊళ్ళో ఎవరి అంత్యక్రియలూ జరగవు. అందుకే ఆ ఇంటి కబురు ముందే తెలిసిన వాళ్ళు ఉన్నదాంతో హడావిడిగా కానిచ్చేయాలని చూస్తున్నారు. తీరం మనిషికి చెప్పేవాళ్ళెవరు? బీరు కంపెనీ బాగుపడుతుందో లేదో దేవుడికెరుక, బాగుపడుతుందని చెప్పిన గీత మాత్రం దొంగది.

ఆయన సగం దారిలో దిగి, ఎదురొచ్చిన వ్యాను పట్టుకుని, ఇవ్వని ఫారంతో తిరిగొచ్చాడు.

సాయంత్రం మళ్ళీ సభ. అసలు కారణం చెప్పడానికి వీల్లేదు. గొర్రె భయం ఆయనకూ ఉంది. కుర్చీల లెక్క చదివి, నిన్న తను చెప్పింది తప్పని ఒప్పుకున్నాడు. పదవ తరగతి తప్పినవాడికి షేర్ల గొడవెందుకని సంఘంలోని డ్రైవర్లు ఎద్దేవా చేశారు. టమాటాలమ్మే యా సెర్వా లేచి నిలబడింది.

"నిన్న ఆకాశానికెక్కించావు, ఇవాళ గోతిలోకి దిగమంటున్నావు. ఏ ఎసిల్ఫీని నమ్మమంటావు?"

"కుర్చీలు లెక్కపెట్టినవాణ్ణి."

చేతులు లేపమన్నారు. బీరుకు తొమ్మిది. బిల్లులకు ఎనిమిది, టీచరమ్మతో తొమ్మిది. అప్పటిదాకా నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. నేనూ బిల్లులకే లేపాను.

మూడో రోజు పొద్దున్న దర్బారు డప్పు మోగింది. బీరు పక్షం తొమ్మిది మందీ ఎసిల్ఫీ షెడ్డుకు పరుగెత్తి, ముందే తెలుసు కదూ అని నిలదీశారు. కుర్చీలు తప్ప తనకేమీ తెలియదని ఆయన గంభీరంగా జవాబిచ్చాడు. తర్వాత షెడ్డులో కదలకుండా ఉన్న ఆరువందల కుర్చీల్లో ఒకటి లాక్కుని కూర్చుని, రానున్న నలభై రోజులకు మార్కెట్ అంచనా ఇవ్వలేనని సంఘానికి రాతపూర్వకంగా తెలియజేశాడు.